అనంతపురంలో ఎంబీఏ చేస్తే ఉపయోగం ఉంటుందా? అప్పు చేసైనా బెంగళూరు వెళ్లడమే మంచిదా?

ప్రశ్న అడిగినవారు కర్నూలులో బీకాం పూర్తి చేశారు. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాశారు, అనంతపురంలో సీటు వచ్చేలా ఉంది. ఇంట్లోవాళ్లు మాత్రం అప్పు తెచ్చి బెంగళూరులో చేర్పిస్తామంటున్నారు. ఇక్కడ రెండేళ్ల చదువు ఎలా ఉంటుందో, అది ఎందుకైనా పనికొస్తుందో చెప్పమని అడిగారు. నేను అనంతపురంలోనే, జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో చదివాను. 2016-18 బ్యాచ్.

నా గట్టి నమ్మకం ఒకటి ముందే చెబుతాను. ఏ ఊళ్లో చదివామన్నదానికంటే నాలుగో సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఎలా చేశామన్నదే ముఖ్యం. మిగతా మూడు సెమిస్టర్లు పుస్తకాల్లో ఉన్నదే, అది అనంతపురంలోనూ ఒకటే, బెంగళూరులోనూ ఒకటే.

రోజువారీ జీవితం గురించి అడిగారు కాబట్టి కొంచెం చెబుతాను. మా హాస్టల్ గదిలో నలుగురం. ఒకమ్మాయి తాడిపత్రి, ఒకమ్మాయి కదిరి, ఇంకో అమ్మాయి కడప జిల్లా. పొద్దున మెస్‌లో టిఫిన్ నచ్చకపోతే గేటు బయట బండి దగ్గర ఉగ్గాణి, బజ్జీ తినేవాళ్లం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టంగా పడే ఊరు కదా, ఎండాకాలం వస్తే నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో చూసుకుని స్నానాలు, బట్టలు. అదే ఎండలో ప్రెజెంటేషన్ అంటే అబ్బాయిలకు టై, మాకు బ్లేజర్ తప్పనిసరి. 42 డిగ్రీల్లో బ్లేజర్ వేసుకుంటే మేనేజర్లు ఎలా అవుతామో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు. ఆ బ్లేజర్ కుట్టించడానికి మా గదిలో ఒకమ్మాయి వాళ్లమ్మ చీటీ పాడింది. ఇది చిన్న విషయం కాదు.

ఇంకో బాధ ఇంగ్లీషు సెమినార్లు. పల్లె నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు లేచి నిలబడి మొదటి వాక్యం తప్పు మాట్లాడగానే వెనక బెంచీల నుంచి నవ్వు. ఆ నవ్వుకు భయపడి రెండేళ్లు నోరు తెరవని పిల్లలను చూశాను. వాళ్లలో ఒకబ్బాయి వాళ్ల నాన్నకు ఎరువుల అంగడి ఉంది. ఏ నెలలో ఎంత సరుకు తెప్పించాలి, ఎవరికి ఎంత అప్పు ఇవ్వచ్చు అన్నీ అతనికి తెలుసు. క్లాసులో ఇన్వెంటరీ పాఠం జరుగుతుంటే మాత్రం తల దించుకుని కూర్చునేవాడు. తెలుగులో చెప్పమని ఒక్కసారి అడిగి ఉంటే మా అందరికీ పాఠం అతనే చెప్పేవాడు.

ఇక ప్రాజెక్టు. మా బ్యాచ్ సమయానికి పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ కడుతున్నారు. అందరూ పెద్ద కంపెనీలో ప్రాజెక్టు కావాలనుకున్నారు కానీ లెటర్ ఇచ్చేవాళ్లు దొరకలేదు. అప్పుడు తెలిసింది, కొన్ని జిరాక్స్ షాపుల్లో ప్రాజెక్టు రిపోర్టు రెడీగా దొరుకుతుందని. టైటిల్ చెబితే చాలు, కంపెనీ పేరు మార్చి, మీ పేరు వేసి, నల్ల అట్ట మీద బంగారు అక్షరాలతో బైండింగ్ చేసి రెండు రోజుల్లో ఇస్తారు. వాటిలో సగానికి సగం 'ఉద్యోగుల సంతృప్తి' మీదే ఉంటాయి. కాస్త మనసున్నవాళ్లు సొంతంగా ప్రశ్నావళి తయారు చేసుకునేవాళ్లు. ఆ వంద కాగితాలను కూడా హాస్టల్లోనే రాత్రి కూర్చుని, చేతిరాత తెలియకుండా నాలుగు రంగుల పెన్నులతో టిక్కులు పెట్టి పూర్తి చేసేవాళ్లు. నేను కూడా పది కాగితాలు అలా నింపాను. పదకొండో కాగితం తీసుకున్నప్పుడు, లేని ఉద్యోగికి జీతం మీద ఎంత సంతృప్తి ఉందో నేను ఊహించి రాస్తున్నానని ఏడుపొచ్చింది. పెన్ను పక్కన పెట్టేశాను.

మరుసటి ఆదివారం మా మేనమామ ఊరికి వెళ్లాను. నార్పల వైపు. మామకు మూడెకరాల చీనీ తోట ఉంది. బత్తాయి అని మీరు అనేదే. ఆ రోజు కాయ కోత. కూలీలు తెల్లవారకముందే వచ్చారు, వ్యాపారి మనిషి చెట్టు కింద మంచం మీద కూర్చున్నాడు. ధర ముందే మాట్లాడుకున్నారు, టన్ను 32 వేలు. మంగు పట్టిన కాయ, అంటే తొక్క మచ్చలు పడినది, వేరుగా పోశారు, మంచి కాయ లారీకి ఎక్కించారు. ఖాళీ లారీని పొద్దున్నే తూచారు, మధ్యాహ్నం లోడుతో మళ్లీ తూచారు. కాయ బరువు 8 టన్నుల 400 కేజీలు. చీటీ మీద మాత్రం 7,560 కేజీలకే లెక్క కట్టి 2,41,920 రూపాయలు రాశారు.

"మామా, 840 కేజీలు ఏమైనాయి?" అని అడిగాను.

"సూట్ పాపా. టన్నుకు క్వింటా. యాడైనా అంతే."

"ఎందుకు?"

"దోవలో కాయ వాడతాది, కొంత చెడిపోతాది. ఆ నష్టమంతా ముందే మన దగ్గర పట్టుకుంటారు."

నా చేతిలో ఆ ప్రశ్నావళి కాగితం ఉంది. దాని వెనక లెక్క వేశాను. 840 కేజీలంటే 26,880 రూపాయలు. మామకు నిజంగా వచ్చిన ధర టన్నుకు 32 వేలు కాదు, 28,800. మా మార్కెటింగ్ పాఠంలో రైతు నుంచి వినియోగదారుడి దాకా నాలుగు డబ్బాలు గీసి, మధ్యలో బాణాలు పెడతారు. ఆ బాణం లోపల 840 కేజీల కాయ మాయమవుతుందని ఎవరూ చెప్పలేదు. నాకు చాలా కోపం వచ్చింది.

"వద్దని చెప్పచ్చు గదా మామా? ఇంకొకరికి అమ్మచ్చు గదా? పక్క తోటాయన 35 వేలకు ఇచ్చినాడంట గదా ఈ వారమే."

మామ ఏమీ అనలేదు. లారీ వెళ్లిపోయాక, కూలీలకు డబ్బులిచ్చి పంపాక, గట్టు మీద కూర్చుని అప్పుడు చెప్పాడు. "పోయినేడు బోరు ఎండిపోయినప్పుడు దుడ్లు ఎవురిచ్చినారనుకుంటాండావు?"

అంతకు ముందు ఎండాకాలంలో పాత బోరు ఎండిపోయింది. చెట్లు ఎండుతున్నాయి. చీనీ చెట్టు కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది, ఒకసారి ఎండితే మళ్లీ మొదటి నుంచే. మామ ఈ వ్యాపారి దగ్గరికి వెళ్లి లక్షన్నర తెచ్చుకున్నాడు. ఉదయం అడిగితే సాయంత్రానికి చేతిలో పెట్టాడట. 850 అడుగులు వేస్తే ఇంచున్నర నీళ్లు పడ్డాయి, తోట బతికింది. వడ్డీ లేదు. కాయ మాత్రం ఆయనకే ఇవ్వాలి. పది నెలల తర్వాత వచ్చిన ఈ కోతలో ఆ లక్షన్నర పట్టుకుని మిగిలింది ఇచ్చారు.

ఆ రాత్రి వాళ్ల ఇంట్లో సంగటి, ఊరిబిండి తిని, లైటు కింద కూర్చుని మళ్లీ లెక్క వేశాను. సూట్ అందరికీ ఉంది, పక్క తోటాయనకు కూడా. కాబట్టి అడ్వాన్సు వల్ల మామకు అదనంగా పోయింది టన్నుకు మూడు వేలు. 7,560 కేజీలకు 22,680 రూపాయలు. లక్షన్నరకు పది నెలల్లో 22,680 అంటే నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ. ఏడాదికి 18 శాతం. వడ్డీ లేదని చెప్పిన అప్పుకు వడ్డీ ఎక్కడుందో దొరికిందని సంతోషంగా మామకు చూపించాను.

మామ చూసి, "రూపాయిన్నరేనా? ఊర్లో అయితే రెండు రూపాయలు గదా," అన్నాడు.

నేను అక్కడ ఆగిపోయాను. ఆయన మోసపోయాడని లెక్క తీశాను. ఆయన చూస్తే తనకు దొరికే అప్పుల్లో తక్కువ వడ్డీది ఎంచుకున్నాడు. మరి బ్యాంకు? అప్పట్లో మూడు లక్షల దాకా పంట రుణం 7 శాతానికి వచ్చేది, గడువులో కడితే 4 శాతమే పడేది. ఆ సంగతి మామకు తెలుసు. కానీ ఆ పంట రుణం ఆయన అప్పటికే తీసుకుని వాడేశాడు, బోరుకు వేరే అప్పు కావాలంటే కాగితాలు, సంతకాలు, తిరగడం. చెట్టు అన్ని రోజులు ఆగదు. ఆ తోటలో కాయ ధర కాటా దగ్గర నిర్ణయం కాలేదు. పది నెలల ముందు, బోరు ఎండిన రోజే సగం నిర్ణయమైపోయింది.

మైకేల్ పోర్టర్ 1979లో రాసిన ఐదు శక్తుల సిద్ధాంతాన్ని మేము పరీక్షకు బట్టీ పట్టాం. కొనేవాడి బలం, అమ్మేవాడి బలం అని చెబుతారు. ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఆ గట్టు మీద అర్థమైంది. సరైన సమయంలో చేతిలో డబ్బు ఉన్నవాడికే బలం. ఇది ఏ పెద్ద కాలేజీలోనూ ఇంతకంటే బాగా నేర్పలేరు. నేను బెంగళూరు కాలేజీలు చూడలేదు, అయినా ఈ మాట మీద నిలబడతాను.

పాత టైటిల్ తీసేసి, చీనీ రైతులకు అందే ధర, అడ్వాన్సుల మీద ప్రాజెక్టు మొదలుపెట్టాను. ఆరు వారాలు బస్సుల్లో తిరిగి 31 మంది రైతులతో మాట్లాడాను. వాళ్లలో 19 మంది ఏదో ఒక అవసరానికి వ్యాపారి దగ్గర ముందే డబ్బు తీసుకున్నవాళ్లు. బోరు, పెళ్లి, ఆసుపత్రి, ఇంకో బోరు. మా గైడు సారు ఒప్పుకోలేదు. శాంపిల్ వంద లేదు, కై స్క్వేర్ అనే గణాంక పరీక్ష లేదు, ఇది పాస్ కాదన్నారు. నాలుగు రంగుల పెన్నులతో నింపిన వంద కాగితాలకు కై స్క్వేర్ చేస్తే ఒప్పుకుంటారు, నిజంగా కలిసిన 31 మందిని ఒప్పుకోరు. దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

వైవా రోజు బయటి నుంచి ఒక మేడమ్ వచ్చారు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు కంఠస్థం చేసుకుని వెళ్లాను, రెండోదాని దగ్గరే మర్చిపోయాను. మేడమ్ పేజీలు తిప్పుతూ, "సూట్ అంటే ఏంటమ్మా? తెలుగులోనే చెప్పు," అన్నారు. అంతే. ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఆవిడ పెన్ను తీసి నా లెక్కను పక్కన తనే మళ్లీ వేసి చూసుకున్నారు. రూపాయిన్నర దగ్గర ఆగి తల ఊపారు. నా చదువు మొత్తంలో ఒకరు నా లెక్కను మళ్లీ వేసి చూడటం అదే మొదటిసారి.

ప్లేస్‌మెంట్ల గురించి కూడా నిజం చెప్పాలి. మా కాలేజీకి వచ్చినవి ఎక్కువగా అమ్మకాల ఉద్యోగాలే. ఇన్సూరెన్స్, లోన్లు, నెలనెలా టార్గెట్. అమ్మాయిలు చాలామంది మూడు నెలల్లో మానేశారు. నేను మొదట అలాంటిదే చేశాను. తర్వాత వ్యవసాయ రుణాల వైపు ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ప్రాజెక్టు గురించే అడిగారు, మామ తోట గురించే చెప్పాను, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు కడపలో పనిచేస్తున్నాను. రైతు అప్లికేషన్ నా టేబుల్ మీదకు వస్తే మొదట బోరు ఎప్పుడు వేశారని అడుగుతాను.

డబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త. మా రోజుల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కాలేజీవాళ్లు హాల్ టికెట్ ఆపేవాళ్లు. పరీక్షకు ముందు రోజు రాత్రి మా నాన్న ఎనిమిది వేలు అప్పు చేసి పంపాడు. 2020 డిసెంబరులో జీవో 77 వచ్చాక ప్రైవేటు కాలేజీల్లో చేరిన పీజీ పిల్లలకు ఆ సాయమూ ఆగింది, మా జూనియర్లు చాలా ఇబ్బంది పడ్డారు. మీరు చేరే ఏడాదికి నిబంధన ఏమిటో ముందే కనుక్కోండి. వీలైతే యూనివర్సిటీ క్యాంపస్ సీటుకే ప్రయత్నించండి. 1981 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఊరి బయటే ఉంది. ఐసెట్‌లో 200 ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు, ర్యాంకు సరిపోదనుకుంటే ఇంకోసారి రాయచ్చు. బెంగళూరులో మేనేజ్‌మెంట్ సీటు కోసం మీ ఇంట్లోవాళ్లు తెచ్చే అప్పుకు నెలకు నూటికి ఎన్ని రూపాయల వడ్డీ పడుతుందో మీరే కూర్చుని లెక్క వేయండి. ఆ కాగితం మీ నాన్నగారికి చూపించండి.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక పని చేయండి. మీరు అనుకుంటున్న కాలేజీకి వెళ్లి, లైబ్రరీలో పాత ప్రాజెక్టు పుస్తకాలు నాలుగు తీసి చూడండి. అడిగితే ఇస్తారు. నాలుగింటిలోనూ ఒకే ప్రశ్నావళి, ఒకే పట్టికలు ఉంటే ఆ కాలేజీ పేరు ఆప్షన్లలో పెట్టకండి. బెంగళూరు కాలేజీలో కూడా ఇదే చూడండి.