ఏడో తరగతి బాబుకి ఇంట్లో సైన్స్: ఏ పుస్తకం తీసుకోవాలి?

నమస్తే అండి. మీరు కావలి నుంచి అడిగిన ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబు ఆరో తరగతి అయిపోయింది, జూన్ నుంచి ఇంట్లోనే చదివించాలనుకుంటున్నారు. సైన్స్‌కి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తీసుకోవాలా, మన స్టేట్ సిలబస్సా, లేక బయటి దేశం హోమ్‌స్కూల్ కిట్టా అన్నది మీ సందేహం. మీరూ మీవారూ సైన్స్ చదవలేదనీ, రేపు వాడు ఎంపీసీ అంటే ఎలా అనీ రాశారు. మాది ఒంగోలు. నేను చదివింది బీకాం. మా అబ్బాయికి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఇంట్లోనే చెప్పాను. ఈ ఏడాది తొమ్మిదిలో బడికి పంపుతున్నాం.

ముందు ఆ కిట్ సంగతి చెప్తాను, ఎందుకంటే మొదటి ఏడాది నేను కొన్నది అదే. దాదాపు 36 వేలు అయ్యింది. రంగురంగుల పుస్తకాలు, వారానికి ఒక ప్రయోగం, తల్లిదండ్రులకు వేరే గైడు. పుస్తకం చెడ్డదని అనను, రాసినవాళ్లు శ్రద్ధగా రాశారు. కానీ అది వాళ్ల పిల్లల కోసం రాసింది. ఉష్ణోగ్రతలన్నీ ఫారన్‌హీట్‌లో, కొలతలు ఔన్సుల్లో. ప్రతి ప్రయోగానికీ ముందు నేను లెక్కలు మార్చుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది. వాతావరణం పాఠంలో మంచు తుఫాను ఉంది, రుతుపవనాల మాటే లేదు. మీ నెల్లూరు జిల్లాకు వాన ఎక్కువగా తెచ్చేవి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య రుతుపవనాలు. ఆ సంగతి తెలియకుండా నెల్లూరు పిల్లాడు వాతావరణం చదివితే ఏం లాభం చెప్పండి!

ఇంకోటి. ఆ కిట్‌లో రాళ్ల డబ్బా ఒకటి వచ్చింది, డజను చిన్న ముక్కలు. మావాడు వాటిని ఒక పూట చూసి పక్కన పెట్టేశాడు. తర్వాత ఒకరోజు మా వంటగట్టు తుడుస్తూ, "అమ్మా, ఇందులో ఈ బంగారు చుక్కలేంటి?" అన్నాడు. అది చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. మా ఇంటికి గంట దూరం కూడా లేని క్వారీల నుంచి ప్రపంచమంతా వెళ్తుంది. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిదనీ, భూమి లోపల శిలాద్రవం మెల్లగా చల్లారింది కాబట్టే స్ఫటికాలు కంటికి కనిపించేంత పెరిగాయనీ వాడూ నేనూ కలిసి తెలుసుకున్నాం. వాడికి రాళ్ల పాఠం అక్కడ అర్థమైంది. సంక్రాంతి లోపే కిట్ కట్టేసి ఎన్‌సీఈఆర్‌టీకి మారాను.

ఇక మీ భయం గురించి. పుస్తకం ఎంచుకోకముందే పదో తరగతి పరీక్ష ఎక్కడ రాయిస్తారో మీరిద్దరూ కూర్చుని అనుకోండి. తొమ్మిదిలో మళ్లీ బడికి పంపుతారా, లేక ఓపెన్ స్కూల్లోనా? కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో పదో తరగతికి కనీసం 14 ఏళ్లు నిండాలి, తెలుగు మీడియం కూడా ఉంది, సైన్స్ తీసుకుంటే ప్రాక్టికల్స్ ఉంటాయి. మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం కూడా పదో తరగతి పరీక్ష పెడుతుంది. ఏ దారిలో వెళ్లినా ఇంటర్‌లో ఎంపీసీ తలుపు మూసుకుపోదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో బోర్డు పరీక్ష లేదు, కాబట్టి ఈ రెండేళ్లూ మీ చేతిలో ఉన్నట్టే. కాగితాల విషయంలో మాత్రం అశ్రద్ధ చెయ్యొద్దు. పాత బడి నుంచి టీసీ, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకుని దాచండి. రేపు ఇంజనీరింగ్ సీట్ల కోసం ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో లోకల్ అని చూపించడానికి అవి అడుగుతారు. బడిలో లేని సంవత్సరాలకు తహసీల్దారు ఆఫీసు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాల్సి వస్తుంది.

పుస్తకానికి వస్తే, నా సలహా ఎన్‌సీఈఆర్‌టీ ముందు, మన రాష్ట్రం పుస్తకం దాని పక్కన. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 2024లో ఆరో తరగతికి, 2025లో ఏడు, ఎనిమిది తరగతులకు 'క్యూరియాసిటీ' అని కొత్త సైన్స్ పుస్తకాలు తెచ్చారు. మావాడు ఆరు, ఏడు పాతవాటితో చదివాడు, ఎనిమిది కొత్తదానితో. కొత్తది నాకు బాగా నచ్చింది. ఏడో తరగతి దాంట్లో 12 పాఠాలున్నాయి. ఆమ్లాలు క్షారాలు, కరెంటు సర్క్యూట్లు, ఉష్ణం, జంతువుల్లో మొక్కల్లో జీవక్రియలు, నీడలు అద్దాలు, భూమి చంద్రుడు సూర్యుడు, ఇలా. చాలా వరకు ప్రయోగాలకు పసుపు, నిమ్మకాయ, సబ్బునీళ్లు, టార్చిలైటు బల్బు, బ్యాటరీ చాలు. కొనుక్కుంటే వంద రూపాయల లోపే, వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ ఉచితం. కౌమారదశ పాఠం మా ఇంట్లో వాళ్ల నాన్నగారు చెప్పారు. మీవారికీ ముందే చెప్పి ఉంచండి.

మన రాష్ట్రం పుస్తకం ఎందుకంటే, అది రెండు భాషల్లో ఉంటుంది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే ఇంగ్లిష్. మావాడు కార్పొరేట్ బడిలో ఐదేళ్లు ఇంగ్లిష్‌లో చదివి, "ఫోటోసింథసిస్" అంటే నిర్వచనం గడగడా చెప్పేవాడు. ఆకు ఏం చేస్తుందో మీ నాన్నమ్మకి చెప్పు అంటే నోరు మెదపలేదు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. అప్పటి నుంచి పద్ధతి మార్చాం. ప్రతి పాఠం అయ్యాక వాళ్ల నాన్నమ్మకి తెలుగులో చెప్పాలి, ఆవిడకి అర్థమైతే పాఠం అయినట్టు. మూడేళ్లలో నేను వాడికి పెట్టిన పరీక్ష అదొక్కటే.

మీరు సైన్స్ చదవలేదన్న దిగులు గురించి ఒక అనుభవం చెప్తాను, కొంచెం పొడుగే. ఏడో తరగతి వేసవిలో మా అత్తగారి ఊరు వెళ్లాం, కనిగిరి దగ్గర. వాడి దగ్గర నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే మూడొందల రూపాయల టీడీఎస్ మీటర్ ఉంది. కనిపించిన నీళ్లన్నిట్లో ముంచడం, నోట్స్‌లో రాయడం. ఒంగోలు కుళాయి నీళ్లు 310. ఊళ్లో క్యాను నీళ్లు 45. ఇంటి బోరు 1480. వీధి చివర బోరు 920. "నాన్నమ్మా, ఇంటి బోరు వద్దు, వీధి చివర బోరు మంచిది" అని తేల్చేశాడు. నేనూ నిజమేననుకున్నాను.

వాళ్ల తాతయ్య నవ్వారు. ఆయన పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. వీడు అది చూసి, "తాతయ్యా, మీకు చారలున్నాయి, నాన్నమ్మకి లేవేంటి? ఇద్దరూ ఒకే బోరు నీళ్లు తాగుతారుగా?" అన్నాడు. నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను. వారం రోజులు వెతికాం. ఆ మచ్చలు ఫ్లోరైడ్ వల్ల వస్తాయి, కానీ పళ్ల పింగాణీ తయారయ్యే చిన్న వయసులో ఆ నీళ్లు తాగితేనే వస్తాయి. తాతయ్య పుట్టి పెరిగింది అక్కడే. నాన్నమ్మది కొత్తపట్నం, పెళ్లయ్యాక వచ్చారు. అప్పటికే ఆవిడ పళ్లన్నీ వచ్చేశాయి!

తర్వాత రెండు బోర్ల నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లో పట్టి గ్రామీణ నీటిసరఫరా శాఖ ల్యాబ్‌లో ఇచ్చాం. గాజు సీసా ఎందుకు వద్దంటే, ఫ్లోరైడ్‌కి గాజుతో పడదట, కొలతలో తేడా వస్తుందన్నారు. ఇంటి బోరులో లీటరుకు 2.1 మిల్లీగ్రాములు వచ్చింది. వీడు మంచిదని చెప్పిన వీధి చివర బోరులో 2.8. హద్దు 1.5. వాడి మొహం చూడాలి. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి మొత్తం లవణాలు అంచనా వేస్తుంది, ఏ లవణమో చెప్పదు. ఆ మాట నేను వందసార్లు చెప్పినా అలా నాటుకునేది కాదు. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. మా అత్తయ్యగారు నీళ్లు కాచి తాగితే మంచిదని ఏళ్ల తరబడి కాస్తున్నారు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. మనవడు చెప్తే ఆవిడ నమ్మారు. ఇప్పుడు తాగడానికి, వంటకి ఆర్‌ఓ నీళ్లే.

ఇందులో నేను నేర్పింది ఏమీ లేదు. నాకు తెలియదని చెప్పడం, వాడితో కూర్చుని వెతకడం, బస్సెక్కి ల్యాబ్‌కి వెళ్లడం, అంతే. అందుకే అంటున్నాను, గైడు చూసి అమ్మ జవాబు చెప్పేసే పుస్తకం కన్నా, పిల్లాడితో కొలిపించి రాయించే పుస్తకం తీసుకోండి.

ల్యాబ్ లేదని కూడా బెంగపడొద్దు. ఒక్క మైక్రోస్కోపుకే ఇబ్బంది పడ్డాం. మను ప్రకాశ్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో తయారుచేసిన కాగితం మైక్రోస్కోపు ఫోల్డ్‌స్కోప్ 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, ఉల్లిపొరకు చాలు. అది వచ్చేదాకా కొత్తపట్నం వైపు ఒక రొయ్యల ల్యాబ్‌లో పనిచేసే అబ్బాయిని అడిగితే, గుంట నీటి చుక్కలో పాకే జీవుల్ని గంటసేపు చూపించాడు. అడిగితే కాదనేవాళ్లు తక్కువండి. చదవడానికి జనవిజ్ఞాన వేదిక వాళ్ల 'చెకుముకి' పత్రిక తెప్పించుకోండి, వాడంతట వాడే తిరగేస్తాడు.

మీ అన్నయ్యగారికి రొయ్యల గుంటలున్నాయని రాశారు కదా, మీ బాబుకి అంతకు మించిన ల్యాబ్ ఏముంది! పుస్తకాలేవీ కొనకముందు ఒక పని చెయ్యండి. తెల్లవారుజామున నాలుగింటికి వాణ్ని గుంట దగ్గరికి తీసుకెళ్లండి. మామయ్యని అడిగి ఆక్సిజన్ మీటర్ రీడింగ్ వాడితోనే చూపించి రాయించండి. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ వెళ్లి అదే గుంటలో ఇంకోసారి. పగలు గుంటలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి ఎండ ఉండదు కాబట్టి అదీ రొయ్యలూ కలిసి వాడుకోవడమే, తెల్లారేసరికి అడుగంటుతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిప్పేది అందుకే. ఇది మీరు వాడికి చెప్పొద్దు. ఆ రెండు అంకెలూ ముందు పెట్టుకుని, ఎన్‌సీఈఆర్‌టీలో, మన రాష్ట్రం పుస్తకంలో, ఆ కిట్ వాళ్లు నమూనాకి ఇచ్చే పేజీల్లో కిరణజన్య సంయోగక్రియ ఎక్కడుందో వాడితోనే తీయించి చదివించండి. తేడా ఎందుకు వచ్చిందో ఏది చదివాక వాళ్ల మామయ్యకి చెప్పగలిగాడో, ఆ పుస్తకం కొనండి.