విన్నిపెగ్‌లో తొలి చలికాలం: కారు ముందా, చలి కోట్లు ముందా?

ప్రశ్న: సెప్టెంబరులో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద కుటుంబంతో కెనడాలోని విన్నిపెగ్ వచ్చాం. నా జీతం చేతికి నెలకు 3,300 డాలర్లు. నా భార్యకు ఇంకా ఉద్యోగం దొరకలేదు. పిల్లలకు 4, 8 ఏళ్లు. హీటింగ్‌తో కలిపి అద్దె 1,550. ఇక్కడ బ్యాంకులో 14,000 డాలర్లు, గుంటూరులో 8 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. మంచు పడేలోపు 9,000 పెట్టి పాత కారు కొందామనుకుంటున్నాం. చలి బట్టలకే 3,000 అవుతుందంటున్నారు. ఎఫ్‌డీ తీసేయమంటారా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. కారు ఏప్రిల్ దాకా ఆపండి. బట్టలు మాత్రం ఈ వారమే కొనండి. వాటికి 3,000 అక్కర్లేదు.

మొదట పిల్లలవి. మైనస్ 20లో కూడా స్కూళ్లు రీసెస్‌కి (ఆటల విరామానికి) పిల్లల్ని బయటికే పంపుతాయి. కాబట్టి జాకెట్, స్నో ప్యాంటు, బూట్లు తప్పవు. మిట్టెన్లు (నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే చేతి తొడుగులు) రెండేసి జతలు కొనండి, ఒక జత తడిస్తే రెండోది పనికొస్తుంది. వేళ్లు విడివిడిగా ఉండే గ్లోవ్స్ కంటే మిట్టెన్లే వెచ్చగా ఉంటాయి. బూట్లు లోపలి లైనర్ బయటికి తీసి ఆరబెట్టుకునే రకం అయితే మంచిది. ఉన్ని సాక్స్ వేశాక కూడా వేళ్లు కదలాలి. బిగుతుగా ఉంటే ఎంత ఖరీదైన బూటులోనైనా కాళ్లు గడ్డకడతాయి. ఒక్కొక్కరికి 220 చాలు. జాకెట్లు, స్నో ప్యాంట్లు వాల్యూ విలేజ్ లాంటి పాత బట్టల దుకాణాల్లో సగం ధరకే దొరుకుతాయి, పైగా వచ్చే ఏడాదికి ఎలాగూ పొట్టయిపోతాయి. పెద్దవాళ్లకు 12 శాతం పన్నుతో కలిపి తలా 430 పెట్టుకోండి. మొత్తం 1,300. వెయ్యి డాలర్ల బ్రాండు జాకెట్ బస్టాపులో నిలబడడానికి అవసరం లేదు. రెండో జాకెట్ కావాలంటే డిసెంబరు 26 బాక్సింగ్ డే సేల్ దాకా ఆగండి, బూట్లకు మాత్రం ఆగకండి.

ఇక కారు. బట్టలు కొన్నాక 12,700 మిగులుతుంది. అందులో కారుకు 9,000, పీఎస్‌టీ (ప్రావిన్స్ అమ్మకపు పన్ను) 7 శాతం అంటే 630, నాలుగు వింటర్ టైర్లకు రిమ్ములతో కలిపి దాదాపు వెయ్యి. ఇన్సూరెన్స్ కట్టకముందే 2,070కి దిగిపోతారు. మీ నెల ఖర్చు 3,000 దగ్గర ఉంటుంది కదా, అది ఒక్క నెలకు కూడా చాలదు. ఎముకలు కొరికే జనవరిలో ఉద్యోగం పోతే అద్దె ఎలా కడతారు?

మీరు మర్చిపోయిన డబ్బు ఒకటుంది: పిల్లల కోసం ప్రభుత్వం నెలనెలా ఇచ్చే కెనడా చైల్డ్ బెనిఫిట్. పీఆర్ కాబట్టి వచ్చిన మరుసటి నెల నుంచే మీకు అర్హత. 2025 జులై నుంచి 2026 జూన్ దాకా ఆరేళ్ల లోపు బిడ్డకు ఏడాదికి 7,997, ఆ పైవారికి 6,748. 2024లో మీ ఇద్దరి ఆదాయం 37,487 డాలర్లలోపు ఉంటే పూర్తి మొత్తం, అంటే నెలకు 1,228 వస్తుంది. ఆర్‌సీ66 ఫారం మీ భార్య పేరున నింపి, కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఉన్న ఆర్‌సీ66ఎస్‌సీహెచ్ కూడా జతచేయండి. ఎక్కువగా ఆగిపోయేది ఈ రెండో ఫారంలోనే: ఇండియాలో సంపాదించిన ఆదాయం డాలర్లలో రాయకుండా ఖాళీ వదిలేస్తారు, లేదంటే భర్త సంతకం మర్చిపోతారు. డబ్బు ఆలస్యమైనా అక్టోబరు నుంచి బకాయి కలిపి ఇస్తారు. మార్చి చివరికి ఆరు నెలలకు 7,370 దాకా చేరుతుంది. అప్పుడు మూడు నెలల ఖర్చు 9,000 పక్కన పెట్టి, మిగతాతో కారు కొనొచ్చు. వచ్చే ఏటి నుంచి మీ భార్యకు ఆదాయం సున్నా అయినా ఇద్దరూ ఏప్రిల్ 30లోగా ట్యాక్స్ రిటర్న్ వేయాలి, లేకపోతే బెనిఫిట్ ఆగిపోతుంది.

నైట్ షిఫ్టు వల్ల బస్సు దొరకదంటే 6,000 లోపు కారు చూడండి. సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్, పనిచేసే బ్లాక్ హీటర్ (ఇంజన్‌ను వేడిగా ఉంచే కరెంటు హీటర్) లేని కారు ఎంత చవకైనా వద్దు. మైనస్ 30లో ఆయిల్ చిక్కబడి, బ్యాటరీ బలం సగానికి పడిపోయి ఇంజన్ తిరగదు. హీటర్ రాత్రంతా పెట్టక్కర్లేదు, టైమర్ పెట్టి బయల్దేరే ముందు నాలుగు గంటలు చాలు. 400 వాట్ల హీటర్ పది గంటలు నడిస్తే నాలుగు యూనిట్లు, నాలుగు గంటలకైతే 1.6.

డీలర్ ‘రెండు వారాలకు 160 మాత్రమే’ అంటే మోసపోకండి. ఏడాదికి 24 కాదు, 26 వాయిదాలు. 84 నెలలకు 29,120 అవుతుంది.

ఎఫ్‌డీ విషయంలో ఒక్క పని ఉంది. గుంటూరు బ్యాంకుకు మీరు ఎన్నారై అయ్యారని రాసి ఖాతాను ఎన్నార్వోగా (ఎన్నారైల ఇండియా ఆదాయానికి ఉండే ఖాతా) మార్పించండి. వడ్డీపై 30 శాతం పైన టీడీఎస్ కోస్తారు. కెనడా నివాస ధ్రువపత్రం, బ్యాంకు అడిగే పన్ను ఫారం ఇస్తే పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతానికి తగ్గుతుంది. ఆ వడ్డీని ఇక్కడి రిటర్న్‌లో కూడా చూపించాలి.