అమెరికా పాఠం చెప్పబోతున్న సుజాతకు

చి. సుజాతకు,

పెద్దనాన్న దీవెనలు. వచ్చే వారం తొమ్మిదో తరగతికి అమెరికా స్వాతంత్ర్య పోరాటం చెప్పాలని, టెన్షన్‌గా ఉందని ఫోన్లో అన్నావు కదా. ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం, నాకు తోచింది రాస్తున్నాను.

చాలామంది బోస్టన్ టీ దగ్గర మొదలుపెట్టి 1776 జులై 4 స్వాతంత్ర్య ప్రకటనతో ముగించేస్తారు. మొదట్లో నేనూ అంతే. నువ్వు అక్కడ ఆపకమ్మా. ఇంగ్లండు రాజును కాదనుకున్నాక, తమను తాము పాలించుకోవడం నేర్చుకోవడానికి వాళ్లకి ఇంకో పదమూడేళ్లు పట్టింది. అసలు పాఠం అందులోనే ఉంది.

టీ సంగతి త్వరగా చెప్పెయ్యి. పన్ను పెరిగి టీ ఖరీదైందని పిల్లలు రాస్తారు, దిద్దు. 1773 చట్టంతో టీ చవకైంది. అయినా బోస్టన్ జనం దాన్ని సముద్రంలో పారబోశారు. తమ ప్రతినిధి ఒక్కడూ లేని పార్లమెంటు తమ మీద పన్ను వేయడమేమిటన్నదే గొడవ. ఆ టీ ఈస్టిండియా కంపెనీది. మన ఉత్తర సర్కార్లను చేజిక్కించుకున్నదీ ఆ కంపెనీయే. 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్ల చేతిలో ఓడిన ఇంగ్లండు సేనాని కార్న్‌వాలిసే 1786లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడని చెప్పు, వెనక బెంచీలు కూడా తలెత్తుతాయి.

తర్వాత నిదానంగా చెప్పు. మళ్లీ ఎవరూ రాజులా పెత్తనం చేయకూడదని, వాళ్లు తమ కాంగ్రెసుకు, అంటే రాష్ట్రాలన్నిటి ఉమ్మడి సభకు, పన్ను వేసే అధికారమే ఇవ్వలేదు. రాష్ట్రాలు ఇస్తే పుచ్చుకోవాలి. యుద్ధం చేసిన సైనికులకే జీతాలు బాకీ పడ్డారు. ఆ నిబంధన మార్చాలంటే పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి.

ఇది నోటితో చెబితే ఎక్కదు. పదమూడు మందిని నిలబెట్టి తలా అయిదు సుద్దముక్కలు ఇచ్చేవాణ్ణి. బోర్డు మీద రాయడానికి సుద్ద కావాలి, ఇష్టముంటే డబ్బాలో వేయండంటే రెండో మూడో పడేవి. "తలా ఒకటి తప్పనిసరి చేద్దామా?" అంటే పన్నెండు చేతులు లేచేవి. చెయ్యెత్తొద్దని ఒకణ్ణి ముందే పిలిచి చెప్పి ఉంచేవాణ్ణి. మిగతా వాళ్లు వాడి మీదికి కేకలేస్తుంటే, కాంగ్రెసు అడిగిన దిగుమతి సుంకానికి 1782లో రోడ్ ఐలండ్ రాష్ట్రం కాదన్న కథ అప్పుడు ఎత్తుకునేవాణ్ణి. 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చున్న 55 మంది రాష్ట్రాల ప్రతినిధులు చేసిన పెద్ద పని పిల్లలకు అప్పుడు చక్కగా అర్థమయ్యేది. కొత్త రాజ్యాంగం అమల్లోకి రావడానికి 9 రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలన్నారు, కాంగ్రెసుకు పన్ను వేసే అధికారం ఇచ్చారు.

ఒక్కటి మాత్రం దాచకు. మనుషులందరూ సమానమని ప్రకటించిన ఆ దేశమే, రాష్ట్రాలకు కాంగ్రెసు సీట్లు పంచే లెక్కలో అయిదుగురు బానిసలను ముగ్గురిగా రాసుకుంది. ఓసారి ఓ పిల్ల లేచి, "మరి వాళ్లకి ఓటుందా సార్?" అని అడిగింది. లేదన్నాను. క్లాసంతా నిశ్శబ్దం. ఆ ప్రశ్న ఎవరూ అడక్కపోతే నువ్వే అడుగు.

మీ పెద్దనాన్న