పడవ అంచున ‘ఇవాళ వద్దు’ అనగలిగేలా డబ్బు కట్టండి

ప్రశ్న: నా వయసు 36, మావారికి 39. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. పాపకి తొమ్మిదేళ్లు. ఎనిమిది నెలల తర్వాత ఒక వారం సముద్ర తీరానికి వెళ్లాలనుకుంటున్నాం. అక్కడ స్కూబా డైవింగ్ చేయాలని మావారికి ఎప్పటి నుంచో కోరిక. నాకూ ఉంది, కానీ ఈత రాదు. ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన ప్యాకేజీలో చివరి రోజు ఉదయం డైవింగ్ పెట్టారు, ఆ సాయంత్రమే తిరుగు విమానం. డబ్బు మొత్తం ఇప్పుడే కట్టాలి, మానుకుంటే తిరిగి ఇవ్వరు. ‘నో కాస్ట్ ఈఎంఐ’లో పెట్టుకోవచ్చు అంటున్నారు. మావారేమో ఎలాగూ వెళ్తున్నాం కదా, సర్టిఫికెట్ కోర్సే చేసేద్దాం, సామాను కూడా కొనేసుకుందాం అంటున్నారు. ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది. హోమ్ లోన్ నడుస్తోంది. ఈ ఖర్చు పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు. అత్యవసర నిధి ఉంది, ఇద్దరి జీతాలూ వస్తున్నాయి, చేతిలో ఎనిమిది నెలల టైమ్ ఉంది. ఇంత సిద్ధంగా ఉన్నవాళ్లు ఒక కోరిక తీర్చుకోవడానికి మొహమాటపడక్కర్లేదు. కానీ ఈ ప్యాకేజీ మాత్రం ఇలాగే తీసుకోకండి. చివరి రోజు డైవింగ్, తిరిగి రాని డబ్బు, ఈఎంఐ. ఈ మూడూ ఒకదానికొకటి తోడైతే మీ డబ్బే కాదు, మీ ఒళ్లు కూడా ఇబ్బందిలో పడుతుంది. ఎలాగో నా అనుభవంతోనే చెప్తాను.

కొన్నేళ్ల కిందట నేనూ సెలవుల్లోనే మొదటిసారి డైవ్‌కి డబ్బు కట్టాను. ముందు రోజు రాత్రి జలుబు మొదలైంది. పొద్దున లేచేసరికి ఒక ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. మానుకుంటే పైసా వెనక్కి రాదని రసీదు మీదే రాసి ఉంది. కట్టిన డబ్బు పోతుందే అన్న ఒక్క ఆలోచనతో, జలుబు సంగతి ఎవరికీ చెప్పకుండా సూట్ వేసుకున్నాను. రెండు మీటర్లు దిగానో లేదో, ఎడమ చెవిలో సూదితో పొడిచినట్టు నొప్పి. చెవిలో ఒత్తిడి సమం కావడానికి ముక్కు మూసి మెల్లగా ఊదమని అంతకుముందే నేర్పారు. ఊదితే కుడి చెవి ‘టప్’మని తెరుచుకుంది, ఎడమది కదల్లేదు. ఇంకో మీటరు దిగాను. కనుబొమల మధ్య ఎవరో బొటనవేలితో గట్టిగా నొక్కుతున్నట్టు అనిపించింది. నా ముఖం చూసి ఇన్‌స్ట్రక్టరే పైకి వెళ్దామని సైగ చేశారు. పడవలోకి వచ్చి మాస్క్ తీస్తే, లోపల అడుగున నిలిచిన నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ చెవి మళ్లీ సరిగ్గా వినపడటానికి మూడు వారాలు పట్టింది. డాక్టరు ఫీజు, పరీక్షలు, మందులు కలిపితే డైవ్‌కి కట్టినదాని కంటే ఎక్కువే అయింది.

తప్పు నాదే. కానీ అది నీళ్లలో చేసిన తప్పు కాదు, డబ్బు కట్టిన రోజే జరిగిన తప్పు. వెనక్కి రాని డబ్బు మనిషిని ముందుకు తోస్తుంది. కొత్తగా దిగేవాళ్లకి కష్టం వచ్చేది కూడా మొదటి కొద్ది మీటర్లలోనే. నీటి పైన ఉన్న ఒత్తిడి 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి రెట్టింపవుతుంది. ఆ తర్వాత మళ్లీ రెట్టింపు కావాలంటే 30 మీటర్లకు దిగాలి. అందుకే ఎక్కువ లోతుకు వెళ్లం కదా, ఏం కాదులే అనుకోవడానికి లేదు. జలుబు ఉంటే ఆ రోజు దిగకూడదు. జలుబు మాత్ర వేసుకుని దిగడం కూడా మంచిది కాదు, దాని పని నీళ్లలో ఉండగానే అయిపోతే పైకి వచ్చేటప్పుడు నొప్పి మొదలవుతుంది.

కాబట్టి బుకింగ్ చేసేటప్పుడు ధర కంటే ముందు రద్దు షరతులు చూడండి. కొంచెం అడ్వాన్స్ తీసుకుని మిగతాది డైవ్ రోజున తీసుకునేవాళ్లు, ఒంట్లో బాగా లేకపోతే ఇంకో రోజుకి మార్చేవాళ్లు, సముద్రం బాగా లేక పడవ వెళ్లకపోతే డబ్బు తిరిగి ఇచ్చేవాళ్లు దొరికితే, ధర కాస్త ఎక్కువైనా వాళ్ల దగ్గరే తీసుకోండి. ఆ పై డబ్బు దేనికంటే, ఆ రోజు పొద్దున మీరు ‘ఇవాళ వద్దు’ అంటే ఇంట్లో ఎవరి మొహమూ మాడకుండా ఉండటానికి. నా లెక్కలో ఈ ట్రిప్‌లో మీరు పెట్టే ఖర్చుల్లో అంత విలువైనది ఇంకోటి లేదు. ధర అడిగేటప్పుడు పడవ, సామాను అద్దె, సముద్ర పార్కు ప్రవేశ రుసుము, ఫొటోలు, వీడియో అన్నీ కలిపి చెప్పమనండి. విడివిడిగా చెప్పిన ధర ఒడ్డుకి చేరేసరికి ఎప్పుడూ పెరుగుతుంది.

ఇక చివరి రోజు సంగతి. ఇది మార్చి తీరాలి. డైవ్ చేసేటప్పుడు ఒత్తిడి వల్ల గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కలుస్తుంది. అది మెల్లగా బయటికి పోవాలి. పూర్తిగా పోకముందే విమానం ఎక్కితే, క్యాబిన్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన ప్రకారం ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు గానీ వరసగా కొన్ని రోజులు గానీ చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఉదయం పదకొండింటికి నీళ్లలోంచి బయటికి వచ్చి సాయంత్రం ఆరింటికి విమానం అంటే మధ్యలో ఏడు గంటలే. ఆ రోజు మీ ముందు ఉండేవి రెండే దారులు: డైవ్ డబ్బు వదులుకోవడం, లేదా టికెట్ డబ్బు వదులుకోవడం. టికెట్లు ముగ్గురివి.

మూడో రోజుకు మార్చమని అడగండి. ప్రయాణం అలసట తీరుతుంది. వాతావరణం బాగా లేకపోతే నాలుగో రోజో ఐదో రోజో ఉంటుంది. తేదీ మార్చడానికి సాధారణంగా అదనపు ఖర్చు ఉండదు, ముందుగా అడగాలి అంతే.

ఇన్సూరెన్స్ విషయంలో కాస్త ఓపిక పట్టండి, చదవాల్సింది ఉంది. చాలా ట్రావెల్ పాలసీల్లో సాహస క్రీడలకు కవరేజీ ఉండదు, లేదా విడిగా ప్రీమియం కట్టి చేర్చుకోవాలి. కవరేజీ ఉన్నచోట కూడా లోతుకి పరిమితి, అర్హత ఉన్న ఇన్‌స్ట్రక్టర్‌తోనే దిగాలనే షరతు ఉంటాయి. మీ హెల్త్ పాలసీ, పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ కూడా తీయండి. కొన్నిటిలో ఈ మినహాయింపు వృత్తిగా చేసేవాళ్లకే, కొన్నిటిలో ఎవరు చేసినా వర్తిస్తుంది. ఒక్క మాటలో ఎంత తేడా ఉందో చూడండి. ఏజెంటు ఫోన్లో ‘ఏం పర్లేదు మేడమ్’ అంటే సరిపోదు. “సెలవుల్లో ఒకసారి, ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి, 12 మీటర్ల లోపు స్కూబా డైవ్ చేస్తే ఏదైనా జరిగినప్పుడు చికిత్సకూ, ప్రెజర్ చాంబర్ ఖర్చుకూ, ఆసుపత్రికి తరలించే ఖర్చుకూ కవరేజీ ఉందా?” అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి.

ప్రెజర్ చాంబర్ అని ఎందుకు అడగమన్నానంటే, నైట్రోజన్ బుడగల వల్ల జబ్బు చేస్తే మామూలు ఆసుపత్రి సరిపోదు. ఒత్తిడి పెంచిన గదిలో పడుకోబెట్టి ఆక్సిజన్ ఇస్తారు, ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక్కసారికి దాదాపు 5 గంటలు పడుతుంది. ఆ గది ఉన్న ఊరు మీరున్న చోటికి దూరంగా ఉండొచ్చు. మొదటిసారి తక్కువ లోతులో ఒక్క డైవ్ చేసేవాళ్లకి ఇది చాలా అరుదు, టెన్షన్ పడకండి. అరుదుగా వచ్చేదే అయినా, వస్తే ఇంటి బడ్జెట్ మొత్తం తలకిందులవుతుంది. అలాంటి ఖర్చు కోసమే కదా ఇన్సూరెన్స్ ఉన్నది.

డైవ్ సెంటర్‌లో ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపమంటారు. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, షుగర్, చెవి ఆపరేషన్లు, గర్భం, వాడుతున్న మందులు, ఇలాంటివన్నీ అడుగుతారు. కొన్నిటికి ‘అవును’ అని రాస్తే డాక్టరు సంతకం లేనిదే దింపరు. చాలామంది దీన్ని మొదటిసారి చూసేది పడవ ఎక్కే ముందే. అప్పుడు డాక్టర్ని ఎక్కడ వెతుకుతారు? అందుకే కట్టిన డబ్బు పోతుందని ‘లేదు’ అని రాసేస్తారు. ఆ ఒక్క అబద్ధంతో ఆరోగ్యానికీ ముప్పే, రేపు క్లెయిమ్ వేస్తే దానికీ ముప్పే. ఫారం ఇప్పుడే తెప్పించుకుని ఇద్దరూ చదవండి. అవసరమైతే ఇక్కడే మీ డాక్టరుకు చూపించండి. అడ్వాన్స్ ఆ తర్వాతే.

మీవారి ఉత్సాహం నాకు అర్థమవుతుంది, కానీ కోర్సు ఇప్పుడే వద్దు. ఒకరోజు ట్రయల్ డైవ్‌లో గంటో రెండు గంటలో నేర్పి, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండి గరిష్ఠంగా 12 మీటర్ల వరకు తీసుకెళ్తారు. సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సుతో 18 మీటర్ల వరకు వెళ్లొచ్చు. కానీ దానికి పాఠాలు, పూల్ సాధన, సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉంటాయి, మామూలుగా మూడు నాలుగు రోజులు పడుతుంది. ఏడు రోజుల సెలవులో నాలుగు రోజులు అందులో పోతే మీరూ పాపా ఏం చేస్తారు? పైగా ముక్కు మూసుకుని నోటితో మాత్రమే ఊపిరి తీసుకోవడం అందరికీ పడదు. పడుతుందో లేదో తెలియకుండా కొన్ని రెట్ల డబ్బు కట్టడం దేనికి?

ఒక పని చేయొచ్చు. మీ ఊళ్లో గానీ దగ్గర్లో గానీ స్విమ్మింగ్ పూల్‌లో స్కూబా ట్రయల్ ఇచ్చేవాళ్లు ఉంటే ముందు అక్కడ ఇద్దరూ ఒక గంట చేసి చూడండి. మీవారికి నచ్చితే, సముద్రంలో చేసే ట్రయల్ డైవ్‌ని తర్వాత కోర్సులో లెక్కేస్తారా అని సెంటర్‌ని అడగండి. కొన్నిచోట్ల లెక్కేస్తారు. అప్పుడు ఆ డబ్బు ఎటూ పోదు, కోర్సు వచ్చే ఏడాది చేసుకోవచ్చు.

సామాను అసలు వద్దు. సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌కి క్రమం తప్పకుండా సర్వీసింగ్ చేయించాలి, గాలి నింపే డైవింగ్ జాకెట్, సూట్ వాడకుండా బీరువాలో పడి ఉంటే పాడవుతాయి. విమానంలో లగేజీ చార్జీ వేరే. మరీ మనసు పీకుతుంటే ఒక్క మాస్క్ కొనుక్కోండి, ముఖానికి సరిగ్గా అతికే మాస్క్ ఉంటే మొదటి డైవ్‌లో సగం చిరాకు తగ్గుతుంది. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కొంచెం గాలి పీల్చండి. చేతులు వదిలేసినా జారకపోతే అది మీకు సరిపోయినట్టే.

పాప కూడా డైవ్ చేస్తుందా లేదా అన్నది మీ ఉత్తరంలో లేదు. సముద్రంలో ట్రయల్ డైవ్‌కి సాధారణంగా కనీస వయసు 10 ఏళ్లు. అప్పటికి ఆమెకు పదేళ్లు నిండినా తొందరేమీ లేదు. తన పేరు మీద డబ్బు కట్టించుకోనివ్వకండి. మీరిద్దరూ ఒకేసారి నీళ్లలోకి దిగితే ఒడ్డున తనతో ఎవరుంటారు? ఒకరి తర్వాత ఒకరు దిగేలా రెండు వేర్వేరు స్లాట్లు అడగండి.

ఇక ఈఎంఐ. ‘నో కాస్ట్’ అన్నచోట ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, లేదా ఒకేసారి కట్టేవాళ్లకి ఇచ్చే తగ్గింపు మీకు రాదు. అంతకంటే పెద్ద ఇబ్బంది, ప్యాకేజీ రద్దయినా ఈఎంఐ ఆగదు. మీకు దాని అవసరమే లేదు. ట్రిప్ మొత్తం ఖర్చు వేసుకుని, దాని మీద 15 శాతం కలిపి, 8తో భాగించండి. ఆ మొత్తం జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌లోకో వేరే సేవింగ్స్ ఖాతాలోకో వెళ్లేలా పెట్టండి. ఎనిమిది నెలల్లో కావాల్సిన డబ్బుని షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టకండి. నెలకి పక్కన పెట్టాల్సింది మీ ఇద్దరి మిగులులో సగం దాటితే ట్రిప్‌ని రెండు మూడు నెలలు జరపండి. అత్యవసర నిధిని, హోమ్ లోన్ కంతులని ముట్టుకోవద్దు.

ఇక మీ ఈత. ట్రయల్ డైవ్‌కి ఈత వచ్చి తీరాలని చాలాచోట్ల అడగరు, అయినా నీళ్లంటే బెదురు ఉంటే మీకు ఆ అరగంటా భయంతోనే గడిచిపోతుంది. కోర్సుకైతే ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు నీటి మీద తేలాలి. ఎనిమిది నెలలంటే నెమ్మదిగా నేర్చుకునేవాళ్లకి కూడా సరిపోయే సమయం. పాపని కూడా తీసుకెళ్లండి. ప్యాకేజీ అడ్వాన్స్ ఏజెంటు నుంచి, ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి రాతపూర్వకంగా జవాబులు వచ్చేదాకా ఆపండి. ఈత క్లాసు ఫీజు మాత్రం ఈ నెలలోనే కట్టేయండి.