కట్టు విప్పాక చెయ్యి తిరగాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చేతులు, మణికట్టు, ముంజేతి నొప్పుల గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబిస్తున్నాం. రాసేవాళ్ళకు ఒక మాట: "చెయ్యి నొప్పి" అని ఊరుకోకండి. ఏ వేలు, ఏ వేళ, ఏ పని చేస్తుంటే అన్నది రాయండి. సగం రోగనిర్ణయం అందులోనే ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్ళు. బాత్‌రూంలో జారి అరచేతి మీద పడింది. కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగితే ఆరు వారాలు సిమెంటు కట్టు వేశారు. కట్టు విప్పి పది రోజులైంది. గుప్పిట పూర్తిగా మూసుకోవడం లేదు, అరచెయ్యి పైకి తిరగడం లేదు. ముద్ద నోటిదాకా రావాలంటే భుజమంతా ఎత్తుతోంది. గుళ్ళో తీర్థం పట్టలేకపోయింది. రోజూ నూనె రాసి గట్టిగా తోముతున్నాం. ఎముక సరిగ్గా అతకలేదంటారా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ముందు ఆ తోమడం ఆపండి. ఆరు వారాలు కదలని కీలు చుట్టూ పొర బిగుసుకుపోయి ఉంటుంది. బలవంతంగా వంచితే అది చిట్లి, మళ్ళీ వాచి, ఇంకా బిగుస్తుంది. నూనె రాసి మెల్లగా నిమిరితే ఫర్వాలేదు.

ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. చిటికెన వేలి వైపుది అల్నా, బొటనవేలి వైపుది రేడియస్. అరచెయ్యి తిప్పినప్పుడు అల్నా దాదాపు ఉన్నచోటే ఉంటుంది, రేడియస్ దాని మీదుగా పొర్లుతుంది. ఇందుకు మోచేతి దగ్గర ఒక కీలు, మణికట్టు దగ్గర ఒక కీలు ఉన్నాయి. ఇలా పడ్డప్పుడు సాధారణంగా విరిగేది రేడియస్ కింది చివర, అంటే ఆ రెండో కీలు పక్కనే. ముద్దకూ తీర్థానికీ ఇబ్బంది అక్కడినుంచే వస్తోంది.

ఆరోగ్యంగా ఉన్న చెయ్యి ఇటూ అటూ 75 నుంచి 85 డిగ్రీల దాకా తిరుగుతుంది. 1981లో అమెరికాలో మోరే, ఆయన సహచరులు రోజువారీ పనుల్ని కొలిచి, ఇటు 50, అటు 50 డిగ్రీలు తిరిగితే చాలా పనులు జరిగిపోతాయని తేల్చారు. అయితే వాళ్ళు కొలిచినవి ఫోర్కుతో తినడం, తలుపు తీయడం లాంటివి. దోసిలి పట్టేవాళ్ళకు, చేత్తో అన్నం తినేవాళ్ళకు అరచెయ్యి ఇంకాస్త పైకి తిరగాలి. అందుకని 50 దగ్గర ఆగిపోవద్దని మా సలహా.

వ్యాయామం ఇలా చేయించండి. గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు చెయ్యి ఉంచనివ్వండి. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, మోచెయ్యి నడుముకు ఆనించి లంబకోణంలో వంచి, గుప్పిట్లో పెన్సిల్ నిలువుగా పట్టించండి. మోచేతికీ నడుముకూ మధ్య మడిచిన చేతిరుమాలు పెట్టండి. అది జారి కిందపడితే తిరుగుతున్నది ముంజెయ్యి కాదు, భుజం. ఈ దొంగ కదలిక వల్లే చాలామందికి నెలల తరబడి చేసినా ఫలితం కనిపించదు. పెన్సిల్ బయటికి వాలేలా తిప్పి, ఇక తిరగదనిపించిన చోట ఐదు సెకన్లు ఆగాలి. తర్వాత లోపలికీ అంతే. పదిసార్లు చొప్పున రోజుకు నాలుగు పూటలు. చేసిన అరగంటలో నొప్పి సర్దుకోవాలి. రాత్రంతా సలిపితే మోతాదు ఎక్కువైనట్టు, మర్నాడు సగం చేయండి. వారం గడిచాక పెన్సిల్ బదులు చిన్న గరిట పట్టించండి. గరిట తల పైకి ఉంటే దాని బరువే చెయ్యిని తిప్పుతుంది.

వేళ్ళకు మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పని చెప్పండి. ముందు వేళ్ళు చాచాలి. తర్వాత వేళ్ళ మొదట్లో ఉండే పిడికిలి కీళ్ళు వంచకుండా వేళ్ళ చివరి రెండు కీళ్ళను కొక్కెంలా వంచాలి. ఆపైన నిండు గుప్పిట. ఒక్కోటీ పదిసార్లు. వాపు ఉంటే చెయ్యి వేలాడేసి కూర్చోకుండా దిండు మీద గుండెకన్నా ఎత్తులో ఉంచాలి. అతుకు గట్టిపడిందని ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాక నమస్కారం మొదలుపెట్టండి. ఛాతీ ముందు అరచేతులు కలిపి, అవి విడిపోని మేరకు మెల్లగా కిందికి దించడమే. మణికట్టు వెనక్కి వంగడానికి ఇంతకన్నా తేలికైన సాధనం లేదు.

ఎముక వంకరగా అతికిందా అన్నది ఎక్స్‌రే చెప్పాలి. మణికట్టు ఎముక ఇలా విరగడాన్ని ఐర్లండ్ సర్జన్ అబ్రహాం కోలిస్ 1814లోనే, ఎక్స్‌రే పుట్టకముందే, వర్ణించాడు. ఆకారం వంకరగానే ఉండిపోయినా కదలికలు కొన్నాళ్ళకు తిరిగొస్తాయని రాశాడు. అందరి విషయంలోనూ అది నిజం కాదు గానీ, పెద్ద వయసువాళ్ళలో ఎక్స్‌రేలో కనిపించే వంకరకూ చెయ్యి పనితనానికీ ఎప్పుడూ పొంతన ఉండదు. మొదటి మూడు నెలల్లో మార్పు బాగా కనిపిస్తుంది, ఏడాది దాకా కొనసాగుతుంది. అందాకా నీళ్ళ బిందె, తడిబట్టలు పిండడం డాక్టరు సరేనన్నాకే.

మూడు విషయాల్లో ఆలస్యం చేయొద్దు. చెయ్యి ఎర్రబడి, నిగనిగలాడుతూ, చెమట పట్టి, బట్ట తగిలినా భరించలేనంత మంట ఉంటే ఆ వారంలోనే చూపించండి. రెండోది, అరచెయ్యి బల్ల మీద బోర్లా ఆనించి బొటనవేలు ఒక్కటే పైకి లేపమనండి. నిన్నటిదాకా లేచింది ఇవాళ లేవకపోతే, ఎముక మీద ఒరుసుకుని టెండాన్ (కండను ఎముకకు కలిపే తాడు లాంటిది) తెగి ఉండొచ్చు. విరిగిన ఎముక పెద్దగా పక్కకు జరగకపోయినా ఇలా అవుతుంది, దీనికి ఆపరేషనే దారి. మూడోదాన్ని దాదాపు ప్రతి ఇంట్లో మరిచిపోతారు. నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండొచ్చు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా పరీక్ష, విటమిన్ డి పరీక్ష చేయించండి. తర్వాత విరిగేది తుంటి కాకూడదు కదా.

ప్రశ్న: మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తాను, 44 ఏళ్ళు. రాత్రి రెండింటికి చేతులు మొద్దుబారి మెలకువ వస్తుంది. విదిలిస్తే తగ్గుతుంది. మిరప ఘాటు వల్లనా? మెడ నరమా? బలం ఇంజెక్షన్లు వేయించుకున్నా తగ్గలేదు.
– గుంటూరు

జవాబు: మిరప వల్ల వచ్చేది చర్మం మంట. దాని ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. అందుకని పని అయ్యాక ముందు కొంచెం వంటనూనె రుద్దుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోండి. రాత్రి లేపే తిమ్మిరి వేరు. అది ఏ వేళ్ళకు వస్తుందో ఈ రాత్రి చూసుకోండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరం వేలిలో సగం మొద్దుబారి, చిటికెన వేలు బాగానే ఉంటే మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుంటున్నట్టు. దీన్నే కార్పల్ టనల్ అంటారు.

మణికట్టు ముందువైపు ఇరుకైన సొరంగం లాంటి దారిలో తొమ్మిది టెండాన్లు, ఈ ఒక్క నరం వెళ్తాయి. టెండాన్ల పొరలు ఉబ్బితే నలిగేది నరమే. 1981లో గెల్బర్‌మన్ బృందం ఆ సొరంగంలో ఒత్తిడి కొలిచింది. పాదరసం లెక్కలో ఆరోగ్యవంతుల్లో సగటున 2.5 మిల్లీమీటర్లు, ఈ జబ్బున్నవాళ్ళలో 32. మణికట్టు పూర్తిగా వంచితే జబ్బున్నవాళ్ళలో 94కి చేరింది. నిద్రలో మనం చేతులు ముడుచుకుని పడుకుంటాం. రాత్రిళ్ళు బాధ ఎక్కువ కావడానికి అదొక కారణం.

అందుకే మొదటి వైద్యం రాత్రిపూట మణికట్టు పట్టీ, ఆరు వారాలు. కొన్నాక ఒక పని చేయండి. చాలా పట్టీల లోపల రేకు పైకి వంగి వస్తుంది, వంగిన మణికట్టులో ఒత్తిడి పెరుగుతుంది. ఆ రేకు బయటికి తీసి, తిన్నగా చేసి మళ్ళీ దూర్చండి. పట్టీ అరచేతి గీతల దగ్గర ఆగాలి, వేళ్ళు పూర్తిగా ముడవగలగాలి. పట్టీకీ చేతికీ మధ్య ఒక వేలు దూరాలి. పట్టీ కొని ఓ వారం వాడి పనికిరాలేదని పారేసేవాళ్ళలో ఎక్కువమంది ఈ రేకు సంగతి చూసుకోనివాళ్ళే.

పనిలో కాయల కుప్ప మరీ కిందుంటే మణికట్టు వంగే ఉంటుంది. బుట్టను ఎత్తు మీద పెట్టుకుని చేతులు తిన్నగా ఉండేలా కూర్చోండి, గంటకోసారి ఐదు నిమిషాలు చేతులు వదిలేయండి. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట ఇది కష్టమేనని తెలుసు. అయినా రాయక తప్పదు. షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించండి, రెండింటివల్లా ఇది వస్తుంది. బి12 లోపం పరీక్షలో తేలితే తప్ప ఆ ఇంజెక్షన్లు దీనికి మందు కావు. బొటనవేలి మొదట్లో కండ పల్చబడినా, పగలంతా స్పర్శ తెలియకపోయినా పట్టీతో కాలం గడపొద్దు. నరం పరీక్ష చేయించి ఆపరేషన్ గురించి అడగండి. చిన్న ఆపరేషనే, ఆ చోట మాత్రమే మత్తిచ్చి చేస్తారు. కండ కరిగాక చేస్తే తిమ్మిరి పోవచ్చు గానీ బలం పూర్తిగా తిరిగిరాదు.

తిమ్మిరి చిటికెన, ఉంగరం వేళ్ళకే ఉంటే అది మోచేతి వెనక నలిగే అల్నార్ నరం. దాంతోపాటు ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష తప్పనిసరి. మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. తొందరగా మొదలుపెడితే వేళ్ళు వంకరపోకుండా ఆపవచ్చు.

ప్రశ్న: కాన్పయి మూడు నెలలు. బాబును ఎత్తుకుంటే బొటనవేలి కింద మణికట్టు పక్కన ప్రాణం పోతోంది.
– పటమట, విజయవాడ

జవాబు: 1895లో స్విస్ సర్జన్ డి క్వెర్వాన్ వర్ణించిన జబ్బు ఇది, ఆయన పేరే పెట్టారు. బొటనవేలిని ఎత్తే రెండు టెండాన్లు మణికట్టు పక్కన ఒక గొట్టంలోంచి వెళ్తాయి, ఆ గొట్టం మందమవుతుంది. చంకల కింద బొటనవేళ్ళు చాచి బాబును ఎత్తడం మానండి. బొటనవేలు మిగతా వేళ్ళకు ఆనించి, ఒక ముంజెయ్యి పిర్రల కింద, ఇంకొకటి వీపు, తల కింద దూర్చి ఎత్తండి. బొటనవేలిని కూడా పట్టుకునే పట్టీ నాలుగు వారాలు వాడండి. మామూలు మణికట్టు పట్టీ ఇక్కడ పనిచేయదు. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటి బాగా పనిచేస్తుంది, అయితే సూది వేసినచోట చర్మం తెల్లబడవచ్చు. పాలిస్తున్నారని డాక్టరుకు చెప్పండి. ఇంజెక్షన్ పనిచేయనివాళ్ళలో కొందరికి ఆ గొట్టం లోపల అడ్డుగోడ ఉండి రెండు గదులుగా ఉంటుంది. మందు ఒక గదిలోకే వెళ్తుంది.

ప్రశ్న: లేత్ పని చేస్తాను. మోచేతి బయటివైపు నొప్పి. ఇప్పటికే రెండు ఇంజెక్షన్లయ్యాయి. ప్రతిసారీ నెల బాగుండి తిరగబెడుతోంది. మూడోది వేయించుకోనా?
– ఆటోనగర్, విజయవాడ

జవాబు: వద్దు. మీకున్న ఈ నొప్పిని టెన్నిస్ ఎల్బో అంటారు. అది ఉన్న 198 మందిపై ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన 2006లో వెలువడింది. ఆరు వారాలకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ అన్నిటికన్నా మెరుగ్గా కనిపించింది. ఏడాది తిరిగేసరికి ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్ళ కన్నా, ఏమీ చేయకుండా ఊరుకున్నవాళ్ళ కన్నా ఇంజెక్షన్‌వాళ్ళే వెనకబడ్డారు. మీకు జరుగుతున్నదీ అదే.

ముంజెయ్యి బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి ఉండేలా మణికట్టు బల్ల అంచు బయటికి వచ్చేట్టు పెట్టండి. అర లీటరు నీళ్ళసీసా పట్టుకోండి. రెండో చేత్తో మణికట్టును పైకి లేపి వదిలి, ఐదు లెక్కపెడుతూ మెల్లగా దించండి. 15 సార్లు చొప్పున మూడు విడతలు, రోజూ, 12 వారాలు. కొద్దిగా నొప్పి ఉండొచ్చు, మర్నాటికి పెరగకూడదు. రెండు వారాలకు సులువైతే లీటరు సీసా. షాపులో బరువు ఎత్తేటప్పుడు అరచెయ్యి పైకి ఉండేలా ఎత్తండి. సన్నటి స్పానర్ పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేసుకోండి, పట్టు సడలించి వాడగలుగుతారు.