తొలి గేమింగ్ కంప్యూటర్: దాచిన డబ్బులో ఏ భాగానికి ఎంత?

ప్రశ్న: ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. భాగాలన్నీ సొంతంగా ఎంచుకుని గేమింగ్ కంప్యూటర్ బిగించుకోవాలని ఎనిమిది నెలలుగా డబ్బు దాస్తున్నాను. స్నేహితుడు రాసిచ్చిన జాబితాలో ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ దాదాపు సమానంగా ఖర్చవుతోంది. ఇంట్లో పాత 60 హెర్ట్జ్ మానిటర్ ఉంది. ఇంకా పెద్ద కార్డు తీసుకోవాలంటే కొంత మొత్తం వాయిదాల మీద కట్టాలి. అలా తీసుకోవచ్చా? వాడిన కార్డు కొనడం మేలా? డబ్బును ఎలా పంచుకోవాలి?

జవాబు: ముందుగా ఒక విషయం నిర్ధారించుకోండి. ఈ ఎనిమిది నెలల పొదుపు, ఉద్యోగానికో ఆరోగ్యానికో ఇబ్బంది వస్తే ఆదుకోవడానికి పక్కన పెట్టుకోవలసిన కనీసం మూడు నెలల ఖర్చుకు వేరుగా ఉన్నదేనా? అయితే నిశ్చింతగా ముందుకు వెళ్లండి. లేకపోతే కొనుగోలును కొన్నాళ్లు వాయిదా వేయమనే చెబుతాను.

మీ స్నేహితుడి జాబితాలో ఉన్నవి పెట్టెలో బిగించే భాగాలు మాత్రమే. కీబోర్డు, మౌస్, హెడ్‌ఫోన్లు, ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సు, కొన్ని మదర్‌బోర్డులలో (భాగాలన్నీ అమర్చే ప్రధాన పలకల్లో) ఉండని వైఫై, అవసరమైతే మానిటర్ కూడా అదే డబ్బులోంచి రావాలి. వీటికయ్యే ఖర్చును ముందే తీసి పక్కన పెట్టి, మిగిలినదాన్నే పెట్టె లోపలి భాగాలకు పంచండి. తొలిసారి కొనేవారు ఈ వరుసను తలకిందులు చేయడం వల్లనే చివరి వారంలో అప్పు వైపు చూస్తారు.

పంపకం మొదలవ్వాల్సింది మానిటర్ దగ్గర. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లు మాత్రమే చిత్రాన్ని మార్చగలదు. గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 140 ఫ్రేములు (చిత్రాలు) తయారు చేసినా, వాటిలో సగానికి పైగా పూర్తి చిత్రంగా మీ కంటికి చేరవు. ఇక తెర పరిమాణం సంగతి చూడండి. 1920×1080 తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటే, 2560×1440 తెరలో 36.9 లక్షలు, 3840×2160 తెరలో దాదాపు 83 లక్షలు ఉంటాయి. పిక్సెళ్లు పెరిగిన కొద్దీ కార్డు మీద భారం పెరుగుతుంది, దాని ధరా పెరుగుతుంది. అందువల్ల పాత మానిటర్‌కు అప్పు చేసి తెచ్చిన పెద్ద కార్డును తగిలించడం కంటే, మధ్యస్థమైన కార్డుతో పాటు 1080 స్థాయిలోనే 144 హెర్ట్జ్ మానిటర్ తీసుకోవడం మీకు ఎక్కువ తృప్తినిస్తుందని నా అభిప్రాయం. కథను నెమ్మదిగా నడిపించే ఆటలే ఆడతానంటే మాత్రం పాత మానిటర్‌నే కొనసాగించి ఆ డబ్బును మిగుల్చుకోవచ్చు.

పెట్టె లోపలి భాగాలకు కేటాయించిన మొత్తాన్ని 100 అనుకుందాం. గ్రాఫిక్స్ కార్డుకు 38, ప్రాసెసర్‌కు 18, మదర్‌బోర్డుకు 12, ర్యామ్‌కు (పని జరుగుతున్నప్పుడు వాడే మెమరీకి) 11, ఎస్‌ఎస్‌డీకి (ఆటలు నిల్వ ఉండే భాగానికి) 8, పవర్ సప్లైకి 8, కేబినెట్‌కు 5 చొప్పున వేసుకుని లెక్క మొదలుపెట్టండి. ఇది గీత గీసి చెప్పే నియమం కాదు. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ వల్ల మెమరీ ధరలు బాగా పెరిగాయి. అటువంటి సమయంలో ర్యామ్ వాటా పెరగక తప్పదు, ఆ పెరుగుదలను మదర్‌బోర్డు, కేబినెట్‌ల హంగుల నుంచి తగ్గించుకోవాలి. కానీ ప్రాసెసర్, కార్డుల వాటాలు సమానంగా ఉంటే చాలా ఆటల్లో డబ్బు వృథా అవుతుంది, ఎందుకంటే దృశ్యాల నాణ్యతను పెంచినప్పుడు ముందుగా అలసిపోయేది కార్డే. ఆరు కోర్లు (లెక్కలు చేసే విభాగాలు) ఉన్న కొత్త తరం ప్రాసెసర్ మీ అవసరానికి సరిపోతుంది. వ్యూహాత్మక ఆటలు, నగరాలు నిర్మించే ఆటలు, సెకనుకు వందల ఫ్రేములు కోరే పోటీ ఆటలు ప్రాసెసర్ మీద ఎక్కువగా ఆధారపడతాయి. మీరు ఆడేవి ప్రధానంగా అవే అయితే కార్డు వాటాలోంచి నాలుగైదు భాగాలు ఇటు జరపండి.

కార్డును ఎంచుకునేటప్పుడు దాని మీద ఉన్న మెమరీని తప్పక చూడండి. ర్యామ్‌ను తరువాత పెంచుకోవచ్చు, ఎస్‌ఎస్‌డీని మరొకటి చేర్చుకోవచ్చు, కార్డు మీది మెమరీని మాత్రం ఎప్పటికీ పెంచలేము. 2023లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 టీఐ, 2025లో వచ్చిన ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీ, 16 జీబీ రకాలుగా అమ్ముడయ్యాయి. పేరు ఒకటే కనుక తక్కువ ధర చూసి పొరబడే అవకాశం ఉంది. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ ఉంది, అయితే అది బాగా పనిచేయాలంటే మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చేది) అనే సదుపాయం ఉండాలి. నాలుగైదేళ్లు వాడదలచిన వారు 8 జీబీ దగ్గర ఆగవద్దని చెబుతాను.

ప్రాసెసర్‌ను కొనేటప్పుడు నిజానికి మీరు ఒక సాకెట్‌ను (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే అమరికను) కొంటున్నారు, ఆర్థికంగా ఇది చాలా ముఖ్యమైన నిర్ణయం. ఏఎండీ 2016లో తెచ్చిన ఏఎం4 సాకెట్‌కు 2024లో కూడా కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. తొలినాళ్లలో చవక ప్రాసెసర్‌తో మొదలుపెట్టిన వారిలో చాలామంది, ఏళ్ల తరువాత బయాస్‌ను (మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్‌ను) నవీకరించుకుని, బోర్డునూ ర్యామ్‌నూ మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోగలిగారు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ 2021లో వచ్చి 12, 13, 14 తరాల ప్రాసెసర్లకు పనిచేసింది. 2024లో వచ్చిన తరానికి కొత్త సాకెట్ అవసరమైంది. 2022లో వచ్చిన ఏఎండీ ఏఎం5 సాకెట్, డీడీఆర్4 తరువాతి తరమైన డీడీఆర్5 ర్యామ్‌నే తీసుకుంటుంది. పాత సాకెట్, డీడీఆర్4 ర్యామ్‌ల జంట ఈ రోజు చవకగా కనిపించవచ్చు, కానీ ముందు ముందు ప్రాసెసర్ మార్చాలనుకున్న రోజున బోర్డునూ ర్యామ్‌నూ కూడా కలిపి మార్చవలసి వస్తుంది. నేటి తేడా ఆ మూడింటి ఖర్చుకు సమర్థన అయ్యేంత పెద్దదైతేనే పాత సాకెట్ వైపు వెళ్లండి.

పవర్ సప్లై దగ్గర మాత్రం పొదుపు చేయవద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవం కారణం. నా మొదటి కంప్యూటర్‌లో పేరూ ఊరూ లేని పవర్ సప్లై బిగించాను, అది రెండో ఏట కాలిపోతూ మదర్‌బోర్డును కూడా పాడు చేసింది. మిగుల్చుకున్న దానికి ఎన్నో రెట్లు అదనంగా పెట్టవలసి వచ్చింది. మంచి పవర్ సప్లైకి ఐదు నుంచి పదేళ్ల వారంటీ ఉంటుంది, కాబట్టి ధరను ఏడాదికి లెక్కగడితే పెట్టెలో ఉన్న చవకైన భాగాల్లో అదొకటి అవుతుంది. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర సగం భారం వద్ద సుమారు 85 శాతం సామర్థ్యాన్ని సూచిస్తుంది. అది విద్యుత్తు ఎంత వృథా అవుతుందో చెబుతుందే తప్ప లోపలి రక్షణ ఏర్పాట్ల గురించి చెప్పదు, కనుక వారంటీ కాలాన్నీ విడదీసి పరీక్షించిన సమీక్షలనూ కూడా చూడండి. ఆర్‌టీఎక్స్ 4060 వంటి కార్డు 115 వాట్లు, ఆర్క్ బీ580 190 వాట్లు తీసుకుంటాయి. మీ తరహా కంప్యూటర్‌కు నాణ్యమైన 550 లేదా 650 వాట్లు చాలు.

మిగిలినవి త్వరగా తేల్చుకోవచ్చు. ర్యామ్‌ను 16 జీబీ ఒకే ముక్కగా కాక 8 జీబీ ముక్కలు రెండుగా తీసుకోండి, అప్పుడు మెమరీకి డేటా వెళ్లే రెండు దారులూ (చానెళ్లు) పనిచేస్తాయి. ఎస్‌ఎస్‌డీ 1 టీబీ ఉంటే మంచిది. సెకనుకు 3,500 ఎంబీ చదివేదానికీ 7,000 ఎంబీ చదివేదానికీ ఆట తెరుచుకునే సమయంలో తేడా స్వల్పమే. కేబినెట్ ముందు భాగం గాలి లోపలికి వచ్చేలా జాలీతో ఉండాలి, రంగు దీపాలు మీ ఇష్టం.

వాడిన కార్డు కొనవచ్చు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతిని మార్చుకోవడంతో కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం (రోజంతా లెక్కలు చేయించి నాణేలు సంపాదించడం) ముగిసింది, ఆ తరువాత అలా వాడిన కార్డులు పెద్దసంఖ్యలో అమ్మకానికి వచ్చాయి. ఆ తరం కార్డుల విషయంలో ఫ్యాన్లు, వేడి పరీక్షించకుండా డబ్బు ఇవ్వవద్దు. అరగంట పాటు భారమైన ఆటను నడిపి చూపించమనండి, మిగిలిన వారంటీ మీ పేరుకు బదిలీ అవుతుందో లేదో అడగండి. అదే శక్తి గల కొత్త కార్డు ధర కంటే కనీసం మూడో వంతు తక్కువకు వస్తేనే ఈ ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవాలన్నది నేను పాటించే లెక్క. పవర్ సప్లైని మాత్రం వాడినది ఎన్నడూ కొనకండి.

వాయిదాల సంగతికి వస్తే, మీ 100 భాగాలకు అదనంగా మరో 30 భాగాలు నెలకు 3 శాతం వడ్డీతో పన్నెండు సమాన వాయిదాల్లో తీర్చేలా తీసుకున్నారనుకుందాం. మీరు కట్టే వడ్డీ ఆరు భాగాలకు పైనే అవుతుంది. పైన వేసుకున్న లెక్కలో కేబినెట్‌కు కేటాయించింది ఐదు భాగాలు. వడ్డీ లేదని చెప్పే పథకాలలో నగదు కొనుగోలుకు ఇచ్చే తగ్గింపు పోతుందా, ప్రాసెసింగ్ రుసుము ఉందా అని చూస్తే అసలు ఖర్చు బయటపడుతుంది. పైగా కొత్త తరం కార్డులు దాదాపు రెండేళ్లకోసారి వస్తూ పాతవాటి విలువను దించుతాయి. కనుక అప్పు వద్దు. ఉన్న డబ్బుకు తగిన కార్డును ఇప్పుడు బిగించి, నెలనెలా కట్టాలనుకున్న ఆ మొత్తాన్నే దాచుకుంటూ వెళ్లండి. రెండేళ్ల తరువాత పాత కార్డును అమ్మి, ఆ డబ్బునూ కలిపి పెద్దదానికి మారవచ్చు. అలా మారే ఆలోచన ఉంటే పవర్ సప్లైని 550 కాక 650 వాట్లదే తీసుకోండి.

ఇక చివరిది, భాగాలను నెలకొకటి చొప్పున కొని అట్టపెట్టెల్లో దాచకండి. బిగించే వరకు లోపం తెలియదు, ఈలోగా వాపసు గడువు ముగుస్తుంది, వారంటీ కరిగిపోతుంది. మొత్తం డబ్బు చేతికొచ్చాక అన్నీ ఒకే వారంలో కొని, వాపసు గడువులోనే బిగించి పరీక్షించండి. బిల్లులనూ ప్రతి భాగం సీరియల్ నంబరునూ ఫొటో తీసి పెట్టుకోండి. బయాస్‌లోకి వెళ్లి ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అమరికను ఆన్ చేయండి, లేకపోతే మీరు ధర చెల్లించిన వేగం కంటే తక్కువ వేగంతో అది నడుస్తుంది. కొత్త మానిటర్ కొంటే డిస్‌ప్లే సెట్టింగులలో 144 హెర్ట్జ్‌ను స్వయంగా ఎంచుకోండి. చాలా కంప్యూటర్లలో అది మొదట 60 దగ్గరే ఆగి ఉంటుంది.