రెండుసార్లయితే లెక్కలోకి రాదా?

ప్రశ్న: మా కింది ఫ్లోర్ వాళ్ల కుక్క నెల రోజుల్లో ఇద్దరిని కరిచింది. అడిగితే ‘రెండుసార్లేగా, మూడోసారి కరిస్తే చూద్దాం’ అంటున్నారు. పైగా యూదుల ధర్మశాస్త్రంలోనూ మూడుసార్లనే ఉందని వాళ్లబ్బాయి దబాయింపు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఆ అబ్బాయి సగమే చదివాడమ్మా. అక్కడున్నది ఎద్దు సంగతి. సుమారు 1,800 ఏళ్ల కిందట కూర్చిన యూదుల ధర్మసూత్రాల గ్రంథం మిష్నాలో ఎద్దులు రెండు రకాలు. పొడిచే అలవాటు లేనిది ‘తామ్’, అంటే సాధువు. మూడుసార్లు పొడిచిందని సాక్ష్యం పడితే ‘మువాద్’, ఇక దాని గుణమే అదని తేలినట్టు. ఆ సాక్ష్యం కూడా యజమాని ఎదుట, న్యాయస్థానంలో చెప్పాలి. నాంపల్లి కోర్టులో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, ఈ షరతు నాకు మహా నచ్చింది. రేపు ‘మాకు తెలియదండీ’ అనడానికి వీల్లేదు.

అబ్బాయి మీకు చెప్పనిది ఒకటుంది. మొదటి మూడుసార్లూ ఊరికే పోవు, సగం నష్టం కట్టాల్సిందే. మువాద్ అయ్యాక మొత్తం కట్టాలి.

ఇంకో తమాషా. సబ్బాతు, అంటే యూదుల వారాంతపు విశ్రాంతి రోజుల్లో మాత్రమే పొడిచే ఎద్దు మామూలు రోజులకు మువాద్ కాదట. అది చదవగానే నాకు నారాయణగూడలో జరిగే దున్నపోతుల పండుగ సదర్ గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా గల్లీలో ఓ దున్నపోతు ఉండేది. ఏడాదంతా పిల్లలం దాని వీపెక్కి ఆడేవాళ్లం. దీపావళి వెళ్లి సదర్ డప్పులు మోగాయా, దగ్గరికి రానిచ్చేది కాదు. మిష్నా లెక్కన అది సదర్‌కు మువాద్, మిగతా ఏడాదికి సాధువు! పిల్లలు తడిమినా పొడవకపోతే మువాద్ కూడా మళ్లీ సాధువేనని రబ్బీ, అంటే యూదుల ధర్మగురువు, మేయిర్ మాట. మీరు మాత్రం ఆ కుక్క మీద ఈ పరీక్ష పెట్టకండి.

రెండు చాలదా అన్న గొడవ కూడా వాళ్లు పడ్డారు. ఓ తల్లికి మొదటి కొడుకు సున్తీ చేయగానే పోయాడు, రెండోవాడూ అంతే. మూడోవాడికి చేయాలా? చేయమన్నాడు రబ్బాన్ షిమోన్ బెన్ గమ్లియేల్, మూడుసార్లు కానిదే తేల్చలేమని. వద్దన్నాడు ఆయన కొడుకు రబ్బీ యెహూదా. చివరికి మిష్నా మీద చర్చల గ్రంథమైన తల్మూద్ ఎద్దు దగ్గర తండ్రి మాట పట్టుకుంది, సున్తీ దగ్గర కొడుకు మాట. పసివాడి ప్రాణం కదా మరి.

కరిపించుకున్న ఇద్దరి చేతా కాగితం రాయించి, అసోసియేషన్ మీటింగ్‌లో ఆ ఇంటివాళ్ల ముందే చదివించండి. అంతకంటే ముందు, ఆ ఇద్దరూ రేబీస్ ఇంజెక్షన్లన్నీ వేయించుకున్నారో లేదో కనుక్కోండి.